వినని గురువు

గురువులేని విద్య గుడ్డి విద్య అని పెద్దలు సెలవిచ్చారు. గిటారు నేర్పేవారెవరూ లేని చిన్న పట్టణంలో ఆ వాద్యాన్ని చేపట్టిన నావంటి వానికి ధ్వనిముద్రణే గురుపీఠమయింది. పగలు తరగతిలో ఛందస్సు చెప్పడం, రాత్రి ఇంట్లో పాట పెట్టుకొని దానివెంట తీగలు మీటడం కొన్నేళ్లుగా నా దినచర్య.

ఈ మాట వినగానే మిత్రులు ఏకలవ్యుణ్ణి జ్ఞాపకం చేస్తారు. ఆ పోలిక నాకు సగమే రుచిస్తుంది. మట్టిబొమ్మ పలుకదు గాని శిష్యుణ్ణి తొందరపెట్టదు. పాట పలుకుతుంది గాని మనల్ని వినదు, మన కోసం ఆగదు. అమెరికాలో వెస్ మాంట్‌గోమరీ అనే జాజ్ విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్ రికార్డులు వింటూ, అందులోని స్వరాలను యథాతథంగా వాయిస్తూ ఇంటిలోనే విద్య సాధించాడు. పొరుగువారికి ఇబ్బంది కలుగకుండా బొటనవ్రేలితో మెత్తగా మీటడం అలవరచుకున్నాడని చెబుతారు. అదే అతని శైలి అయింది. ఏకలవ్యుడు పోగొట్టుకున్నదీ ఆ వ్రేలినే కదా!

వేగాన్ని అందుకోలేని శిష్యులకు పూర్వం ఒక ఉపాయముండేది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 16⅔ చుట్ల వేగంతో తిప్పితే పాట సగం వేగానికి దిగుతుంది. శ్రుతి సరిగ్గా ఒక స్థాయి తగ్గుతుంది గనుక స్వరాల పేర్లు మారవు. మన ఇళ్లలోని క్యాసెట్ యంత్రాలకు ఆ సదుపాయం లేదు. పైగా రబ్బరు బెల్టు కాస్త వదులైతే శ్రుతి రెండు మెట్ల నడుమ ఎక్కడో నిలుస్తుంది. ఆరు తీగలనూ దానికి అనుగుణంగా సవరించుకోవలసిందే. ఈనాటి ఫోనులోనైతే శ్రుతి చెదరకుండానే వేగం తగ్గించవచ్చు.

మా ఇంట ఒక క్యాసెట్ ఉంది. మా అబ్బా ఒకనాటి రాత్రి పాత సినిమా పాటలను కూనిరాగం తీస్తుండగా అమ్మీ ముద్రించినది. ఆయన గతించి ఆరేళ్లయింది. సినిమా పాటకు వాయించేటప్పుడు వాద్యబృందం లయ తప్పనివ్వక నన్ను మోసుకుపోతుంది. అబ్బా గొంతుకు అటువంటి ఆసరా లేదు. ఆయన చరణం మధ్యలో ఆగుతారు, దగ్గుతారు, మరచిన మాటను అమ్మీని అడుగుతారు, మళ్లీ అందుకుంటారు. ఆ విరామాలలో చేతిని తీగలపై నిలిపి ఉంచడం కంటె కష్టమైన పాఠం నాకింతవరకు తటస్థపడలేదు. ఏ విరామం ఎంతసేపో ఇప్పుడు నా వ్రేళ్లకు తెలుసు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా వంటింటిలో నుంచి అమ్మీ ఆ మాటను నెమ్మదిగా అందిస్తుంది.

మొన్న ఒక విద్యార్థి ఆ క్యాసెట్‌ను ఫోనులోకి ఎక్కించి, శ్రుతిని కూడా సరిచేసి ఇస్తానన్నాడు. ఎక్కించమన్నాను, శ్రుతి జోలికి పోవద్దన్నాను. తీగలనే కాస్త దించుకుంటాను.