స్ట్రౌబింగు పట్టణమున నొక సమాధిశిల

బవేరియాదేశమున, డాన్యూబునదీతీరమందు, స్ట్రౌబింగు అను పట్టణము కలదు. చుట్టును గోధుమపొలములు, అంగడివీథి నడుమ నైదు శిఖరముల యెత్తైన గోపురము, నదియొడ్డున పూర్వప్రభువుల కోట. వీనిని చూచుటకు మాకెంతయో కాలము పట్టలేదు. మేము ముఖ్యముగా చూడగోరినది, ఊరికి తూర్పున సెయింటు పీటరు దేవాలయపు శ్మశానములోనున్న చిన్న ప్రార్థనామందిరము. అందొక యెఱ్ఱరాతి పలక గోడకు చేర్చి నిలుపబడియున్నది.

ఆ రాతిమీద, తలపై ముసుగుతో, చేత జపమాలతో, పాదములకడ రెండు కుక్కపిల్లలతో మలచబడిన స్త్రీ ఆగ్నెస్ బెర్నావరు. ఆగ్స్‌బర్గు పురమున స్నానశాల నడపుచు, క్షౌరమును నెత్తురుతీయు చికిత్సయు చేసెడివాని కూతురని వాడుక. మ్యూనిచ్ ప్రభువైన ఎర్నెస్టునకు ఆల్బ్రెక్టు ఏకైక ధర్మపుత్త్రుడు. ఆతడీమెను చేపట్టెను. రహస్యముగ పెండ్లియాడెనని పెక్కుమంది నమ్మిక. పత్రము మాత్రము దొరకలేదు.

సోదరీమణులారా, ఇక్కడ నొక సంగతి గమనింపవలెను. ఆ కాలపు జర్మనీలో ప్రభువు సామాన్యస్త్రీని వివాహము లేక యుంచుకొనుట వింతగాదు; ఎర్నెస్టునకే యట్టి సంతానము కలదు! ఉంచుకొన్నచో సహింతురు; భార్యయన్నచో సహింపరు. సమానకులమున పుట్టని తల్లి బిడ్డలకు రాజ్యము దక్కుట కష్టము. ఆ రాజ్యమునకై జ్ఞాతులు కాచుకొనియుండిరి. 1435 అక్టోబరు 12వ తేదీన, కుమారుడు వేటకు పోయియుండగా, ఎర్నెస్టు ఆమెను పట్టించి యీ డాన్యూబునందే ముంచి చంపించెను.

అదే ఆగ్స్‌బర్గునుండి వచ్చిన గాయని క్లారా టాట్టు గతి వేఱు. ఆమెను చేరదీసిన హైడల్‌బర్గు ప్రభువు ఫ్రీడ్రిఖు, అన్నకొడుకునకే రాజ్యము దక్కునట్లు తాను పెండ్లి చేసికొననని మాట యిచ్చినవాడు. కావున ఆమెవలన నెవరికిని భయము లేకపోయెను. ఆమె కుమారుడు లుడ్విగు లోవెన్‌స్టయిను వంశమునకు మూలపురుషుడయ్యెను. ఐనను 1476లో ఫ్రీడ్రిఖు గతించిన పిమ్మట ఆమెకును చెఱ తప్పలేదు.

ఇక ఆల్బ్రెక్టు? తండ్రిపై కత్తి దూయునని యెల్లరు భయపడిరి, దూయలేదు. ఆ డిసెంబరులోనే ఆగ్నెస్ ఆత్మశాంతికై కార్మెలైటు సన్యాసుల మఠమున ప్రార్థనలు నెలకొల్పెను. 1436 నవంబరులో బ్రన్స్విక్కు రాకుమార్తె అన్నాను వివాహమాడెను. మా మనస్సున కీ తొందర రుచింపలేదు.

మేము నిలిచిన మందిరమును 1436లో కట్టించినవాడు ఎర్నెస్టే! తాను చంపించినదానికి తానే గుడి! శిలమీద ఆగ్నెస్ పేరు, మరణదినము, శాంతి కోరు మాట మాత్రమే కలవు. భర్త పేరు లేదు. సంవత్సరము సైతము తప్పు: 1435నకు మాఱుగా 1436 అని చెక్కియున్నారు.