ఒక్క ఎలక్ట్రాన్ తక్కువై...

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఓ ఇంటి అరుగు మీద అమ్మాయి బట్టీ పడుతోంది. ‘ఒకటో గ్రూపు ప్లస్ వన్, రెండో గ్రూపు ప్లస్ టూ, పదిహేడో గ్రూపు మైనస్ వన్...’

పక్కనే మంచంలో అమ్మమ్మ. నల్లగొండ జిల్లా మర్రిగూడ నుంచి కూతురింటికి వచ్చింది. మోకాళ్లు వంగిపోయాయి.

‘ఏం సదువుతున్నవ్ బిడ్డా?’

‘ఫ్లోరిన్ గురించి అమ్మమ్మా.’

‘గా ఫ్లోరైడేనా? మేం తాగింది నీళ్లే గదా! ఎముకలెట్ల వంగినయ్?’

బట్టీ ఆగిపోయింది. జవాబు ఒళ్లోని పుస్తకంలోనే ఉంది!

చాలా మూలకాలకు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే నిశ్చింత. ఒకటో గ్రూపు సోడియం తనకున్న ఒక్కటీ ఇచ్చేస్తుంది. రెండో గ్రూపు కాల్షియం రెండు ఇస్తుంది. ఇచ్చినవి ధనావేశ అయాన్లు. పదిహేడో గ్రూపు ఫ్లోరిన్‌కు ఉన్నవి ఏడు. ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటీ లాక్కుని ఫ్లోరైడ్ అనే రుణావేశ అయాన్ అవుతుంది. నల్లగొండ రాళ్లలో ఉన్నదీ, బోరునీళ్లలో కరిగి వచ్చిందీ ఇదే.

మన ఎముకల్లో కాల్షియం, ఫాస్ఫేట్‌తో పాటు హైడ్రాక్సైడ్ అనే అయాన్ కూడా ఉంటుంది. దానిదీ మైనస్ వన్నే. సైజూ ఇంచుమించు ఫ్లోరైడంతే. అందుకే ఫ్లోరైడ్ సులువుగా దాని చోట్లో కూర్చుంటుంది. కొద్దిగా అయితే పళ్లకు మేలే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు బాగా దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మాత్రం కీళ్లు బిగుసుకుపోవచ్చు, ఎముకలు వంకర్లు తిరగవచ్చు.

విరుగుడు దొరికిందీ అదే పట్టికలో. నాగ్‌పూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీళ్లలో సున్నం, పటిక కలుపుతారు. పటికలోని అల్యూమినియం పదమూడో గ్రూపుది, ప్లస్ త్రీ. అది తెట్టులా గడ్డకట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఆ పల్లెలకు నదినీళ్లూ వచ్చాయి.

అమ్మాయి తనకు తెలిసిన మాటల్లో ఇదంతా చెప్పింది. అమ్మమ్మ శ్రద్ధగా విన్నది.

‘మరి నా మోకాళ్లల్లకెళ్లి తీసే పటిక లేదా బిడ్డా?’

లేదు. ఎముకలో ఏళ్ల తరబడి పేరుకున్నదాన్ని తీసేసి, వంగిన కాళ్లను మునుపటిలా చేసే మందు లేదు. చేరకుండా ఆపుకోవడమే దారి. మనవరాలు ఆ మాట చెప్పలేక, అమ్మమ్మ మోకాళ్లు మెల్లగా ఒత్తసాగింది.