గోధుమ గిట్టని బిడ్డ

పల్నాటియందలి మా సత్తెనపల్లి ప్రాంతము ప్రత్తికిని మిరపకును పెట్టినది పేరు, గోధుమకు కాదు. అయినను నేడు గోధుమ చేరని వంటయిల్లు మా యూర కానరాదు. ఉదయము బొంబాయిరవ్వ ఉప్మా, పండుగనాడు సేమ్యాపాయసము, మైదాతో బొబ్బట్లు, మధుమేహము గలవారికి రాత్రివేళ చపాతీలు. ఇందరికి హితమైన ధాన్యము కొందరికి హాని చేయునన్న సంగతి మా యాడుబిడ్డ కూతురి మూలమున మాకు తెలిసినది. సోదరీమణులకు ఉపకరించునని యిచట వ్రాయుచున్నాము.

ఆ బాలికకు పదునాలుగేండ్లు. రెండేండ్లుగా పాలిపోయి, ఎదుగుదల లేక, మెట్లెక్కిన నాయాసపడుచుండెడిది. తరచు కడుపుబ్బరము, విరేచనములు. ఇనుము కలిసిన మందులు సీసాలకొలది త్రాగించినను రక్తము పట్టలేదు. దిష్టి యని యొకరు, నులిపురుగులని యొకరు, తిండికి వంకలు పెట్టు పిల్ల యని యొకరు పలికిరి. తుదకు గుంటూరులో నొక వైద్యుడు రక్తపరీక్ష చేయించి, పిదప నోటిగుండ గొట్టము పంపి చిన్నప్రేగునుండి రవంత ముక్క తీయించి పరీక్షించి, ఇది సీలియాక్ వ్యాధి యని తేల్చెను.

గోధుమ, బార్లీ, రై అను ధాన్యములందు గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. చపాతీపిండి తెగక సాగుటకు అదియే కారణము. పుట్టుకతో తగిన తత్త్వము గల కొందరు దానిని భుజించినపుడు, దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే చిన్నప్రేగుపై తిరుగబడును. ప్రేగు లోపల తువాలుమీది పోగులవలె నుండు చూషకములు అరిగి చదునగును. ఆహారసారమును పీల్చునవి అవియే గనుక, ఎంత పెట్టినను ఒంటబట్టదు. కొందరికి విరేచనములే యుండవు. మానని రక్తహీనతయో, ఎముకల బలహీనతయో మాత్రమే కనబడును.

1888లో సామ్యూల్ జీ అను ఆంగ్లవైద్యుడు ఈ వ్యాధిని చక్కగా వర్ణించెనుగాని కారణ మెరుగడు. గోధుమయే దోషకారి యని హాలెండు శిశువైద్యుడు డిక్కె 1950లో తన సిద్ధాంతగ్రంథమున నిరూపించెను. మన దేశమున మూడు ప్రాంతములలో ఇరువదిమూడువేలమందికి పైగా పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఉత్తరమున వేయింటికి పండ్రెండుగురి రక్తమున ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు కనబడగా దక్షిణమున ఒక్కరికే కనబడినవి. అచట దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా ఇచట 25 గ్రాములే. పుట్టుకతో వచ్చు తత్త్వము మాత్రము అందరియందును ఇంచుమించు సమానమే. మన పళ్లెములో గోధుమ పెరుగుచున్న ఈ దినములలో ఈ మాట మనము మరువరాదు.

దీనికి ఔషధము లేదు; జీవితాంతము గ్లూటెన్ మానుటయే చికిత్స. ఇక భారమంతయు వంటయింటిదే. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర నిరపాయము. శ్రీనాథుని పేర వినబడు చాటువులలో ఎగతాళికి పాలైన పల్నాటి జొన్నయే మా పిల్లకు ప్రాణాధార మైనది. కష్ట మంతయు కంటికి కనబడని గోధుమతో వచ్చినది. బజారులో దొరకు ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుదురు. అది పులిహోరలోను పచ్చళ్లలోను చేరును. పాలలో కలుపు మాల్టు పొడులలో బార్లీ యుండును. గోధుమ ఆడించిన పిండిమరలోనే బియ్యము పోసినచో ఆ పిండియు పనికిరాదు. పూరీలు వేచిన నూనెలో గారెలు వేయరాదు. గ్లూటెన్ రహితమని ముద్రించిన సరకులో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు నిబంధన కలదు; ఆ చీటి చదివి కొనవలెను.

సత్యనారాయణవ్రతమునాడు గోధుమనూక ప్రసాదము పిల్లకు పెట్టలేదని యొక పెద్దముత్తైదువ నొచ్చుకొనెను. రవంతకు ఏమగునని ఆమె ప్రశ్న. రవంతయు ప్రేగును గాయపరచునని మేము చెప్పితిమి. పురోహితులు నైవేద్యము పెట్టిన అరటిపండు తీసి ఆ బిడ్డ చేత నుంచిరి. మాట అంతటితో ముగిసినది.

సోదరీమణులకు రెండు మనవులు. అనుమానము కలిగినంతనే గోధుమ మానవలదు. ముందే మానినచో పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. గోధుమ సరిపడకపోవుట వేరువిధములగాను ఉండును గనుక వైద్యుడే నిర్ణయింపవలెను. వ్యాధి తేలినచో తల్లిదండ్రులకును తోబుట్టువులకును పరీక్ష చేయించుట మంచిది.

ఏడాదిలో ఆ బాలిక మూడంగుళములు పెరిగినది. ముఖమున రక్తము కనబడుచున్నది. రేపు సంబంధములు వచ్చునపుడు ఈ సంగతి దాచవలెనని మా యాడుబిడ్డ తలంపు. దాచినచో అత్తవారింట మొదటి పండుగవంటతోనే బిడ్డ అవస్థపడునని మే మామెకు నచ్చజెప్పుచున్నాము. పిల్ల మాత్రము మా యింటికి వచ్చినపుడు సిగ్గుపడక, "అత్తయ్యా, పులిహోరలో ఏ ఇంగువ వేసితివి?" అని అడిగి మరీ తినుచున్నది.