తెలివొచ్చిన మనిషి

హోమో సేపియన్స్. బళ్ళో చదివి, పరీక్షలో రాసేసి, అక్కడితో వదిలేసిన మాట. అర్థం అడిగితే "తెలివైన మనిషి" అంటాం. పేరు పెట్టుకున్నది మనమే కాబట్టి కాదనేవాళ్ళు లేరు :)

పెట్టినాయన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్. 1758లో, అంటే మన బొబ్బిలి యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, 'సిస్టమా నేచురే' పదో కూర్పులో ఈ పేరు వాడాడు. రెండూ లాటిన్ మాటలే. హోమో అంటే మనిషి. నేల అనే అర్థమున్న హ్యూమస్‌కి చుట్టం. సేపియన్స్ వచ్చింది సాపెరె నుంచి. దానికి రుచి చూడటం అనీ, తెలిసి ఉండటం అనీ రెండర్థాలు. మన 'రసజ్ఞుడు' కూడా ఈ దారిలో వచ్చినవాడే కదా!

తమాషా ఏమిటంటే, 1735 నాటి మొదటి కూర్పులో మిగతా జంతువులకి లక్షణాలు రాసుకుంటూ పోయిన లిన్నేయస్, మనిషి దగ్గర మాత్రం "నిన్ను నువ్వు తెలుసుకో" అని రాసి ఊరుకున్నాడు. హోంవర్కు ఇచ్చాడన్నమాట. ఆ హోంవర్కు ఆయనే సరిగ్గా చెయ్యలేదు. 1758లో మనుషుల్ని ఖండాల వారీగా నాలుగు రకాలు చేసి, యూరప్ వాళ్ళకి చురుకుదనం, ఆఫ్రికా వాళ్ళకి బద్ధకం అంటగట్టాడు.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు నిద్రలోంచి మెలకువ వస్తే "తెలివొచ్చింది" అంటాం. సేపియన్స్‌కి నాకు నచ్చిన అనువాదం ఇదే. మెలకువ కాబట్టి ఎవరికైనా ఎప్పుడైనా కునుకు పట్టొచ్చు. లిన్నేయస్‌కి పట్టినట్టే.

మాకూ పడుతుంది. ఆఫీసులో మా యాస విని ఎవరైనా నవ్వితే ఒళ్ళు మండుతుంది. అదే నోటితో సవరల గురించి "కొండోళ్ళకేం తెలుసు" అనేస్తాం.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు అలా అనుకోలేదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. పంతులుగారు కొండవాళ్ళ ముందు శిష్యుడిలా కూర్చుంటే తప్ప అయ్యే పనా అది?

ఆయనకి బాగా తెలివొచ్చింది. మనకెప్పుడో మరి!