రథమునకు ఏమి చేర్చవలెను?



గోపురము కట్టదలచినవాడు పునాది వేయకముందే కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయములో చదివియున్నారు. మన భద్రాచలము, దుమ్ముగూడెము ప్రాంతమువారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. గోదావరిమీద పడవలు ఎగువకు సాగవలెనని ఆంగ్లేయుల కాలమందు దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, కాలువయు, లాకులును కట్టిరి. ఎంతో వ్యయమైన పిమ్మట 1871లో ఆ ఎగువ గోదావరి పనిని నడుమనే విడిచిపెట్టిరి. లెక్క ముందు చూడవలెనని ఆ రాళ్లే మనకు చెప్పుచున్నవి.

అయితే నేడు మిమ్మును అడుగునది వేరొక ప్రశ్న. సొమ్ము చాలనివాడు లెక్క చూచుకొనవలె ననుట అందరికిని తెలిసినదే. సొమ్ము చాలినవాడు కూడ కూర్చుండి లెక్క చూడవలెనా?

నేను ముప్పది ఏండ్లు ఈ అడవి అంచు దారులలో బస్సు నడిపి పని విరమించినవాడను. నా అక్క కుమారుడొకడు అమెరికాలో ఇంజినీరు. మా బావగారు ప్రభువునందు నిద్రించినప్పుడు వాడు చిన్నవాడు. అక్క మిరప ఏరుటకు కూలికి పోయి వానిని హాస్టలులో ఉంచి చదివించినది. వాడు ప్రతి నెల తల్లికి సొమ్ము పంపును. సంఘమునకు దశమ భాగము తప్పడు. ఎవరికిని అప్పు లేడు. కొలది సంవత్సరముల క్రిందట వాడు వేగముగా పోవు కారొకటి కొనదలచి, నాకు ఫోను చేసి సలహా అడిగెను. ఆ కారు పేరు పోర్షె 911. జర్మనీ దేశమందు స్టట్‌గార్ట్ పట్టణములో దానిని చేయుదురు.

“కారే ఎందుకురా?” అని మీలో కొందరు అడుగుదురు. నేనును అడిగితిని. “చిన్నప్పుడు నీ బస్సులో ఇంజను పక్కన కూర్చున్నప్పటినుంచి ఉన్న కోరిక మామయ్యా” అనెను. దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

అట్టి కారును మనము బజారులో ఎద్దులను చూచి కొన్నట్లు కొనరు. మొదట కర్మాగారమునకు ఆర్డరు వ్రాసి పంపవలెను. ఆ ఆర్డరుతో ఒక జాబితా యుండును. ఏ రంగు, ఏ చక్రములు, ఏ కుర్చీలు, ఏ బ్రేకులు, తోలుకు ఏ దారముతో కుట్టు, తల ఆనించు దిండుమీద ముద్ర ఉండవలెనా వద్దా అని పుటలకు పుటలు. ప్రతి దానికి ఎదురుగా ధర యుండును. గురుతు పెట్టినదంతయు కారు ధరకు చేరును. కారు తయారగుట మొదలైన పిమ్మట మార్చుటకు వీలుండదు. కారు అసలు ధరయే లక్ష డాలర్లు దాటినది. మా అల్లుడు గురుతులు పెట్టిన వాటి మొత్తము ఇరువది ఎనిమిది వేల డాలర్లు ఆయెను.

గమనించుడి. కారు వానికి చిన్ననాటి కోరిక. కాని దిండుమీది ముద్రను వాడు చిన్ననాడు కోరలేదు. జాబితా చదువువరకు అట్టిది ఒకటి గలదని కూడ ఎరుగడు. మనకు లేని కోరికలను జాబితా మనకు నేర్పును.

వాడు నన్ను ముఖ్యముగా అడిగినది బ్రేకులను గూర్చి. ఆ జాబితాలో సిరామిక్ బ్రేకులు కలవు. ఇనుప డిస్కులకు బదులు కర్బనపు నారలు కలిపి, పింగాణివలె కాల్చి చేసిన డిస్కులు. బరువు ఇనుప డిస్కులలో ఇంచుమించు సగమే. వేడెక్కినను పట్టు సులభముగా తగ్గవు. ధర సుమారు తొమ్మిది వేల డాలర్లు, అనగా ఆనాటి మన రూపాయలలో ఆరు లక్షలకు పైగా. దెబ్బతినినయెడల మార్చుట మరింత ఖర్చు.

“తీసుకోమంటావా మామయ్యా?” అనెను.

“పందెములకు పోవుదువా?” అని అడిగితిని.

“లేదు. ఆఫీసుకీ, ఆదివారం చర్చికీ, సెలవుల్లో కొండ దారికీ. అంతే.”

“మరి అవి ఎందుకురా?”

వాడు నవ్వి నిజము చెప్పెను. “ఆ బ్రేకులకి పసుపురంగు కాలిపర్లు ఉంటాయి మామయ్యా. చక్రంలోంచి కనపడతాయి.”

చదువరులారా, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు దిగునప్పుడు ఏ డ్రైవరును బ్రేకునే నమ్ముకొని దిగడు. తక్కువ గేరులో పెట్టి, ఇంజను పట్టుమీద మెల్లగా దిగును. బ్రేకు నిలుపునది చక్రమును. బండిని నిలుపునది టైరు. టైరు అరిగి, దారి తడిసియున్నప్పుడు ఎంత వెలగల బ్రేకైనను జారును. పందెపు దారిలో మరల మరల గట్టిగా బ్రేకు నొక్కువానికి ఆ సిరామిక్ డిస్కులు అవసరమే. ఆఫీసుకు పోవువానికి ఆ కారుతో వచ్చు ఇనుప డిస్కులే చాలును. మంచి టైర్లు కావలెను. నేను వానితో ఇదే చెప్పితిని.

తరువాత ఇద్దరము కూర్చున్నట్లే ఫోనులో జాబితా అంతయు చూచితిమి. ప్రతి దానియొద్దను మూడు ప్రశ్నలు వేసికొంటిమి. ఇది ఏ పనికొరకు? ఇది కర్మాగారములోనే అమర్చవలసినదా, తరువాతను అమర్చగలమా? కొన్న పిమ్మట దీనిని కాపాడుట కెంత?

కారు ముందు భాగమును ఇంచుమించు నాలుగు సెంటీమీటర్లు పైకెత్తు సాధన మొకటి జాబితాలో నుండెను. వాని ఇంటి వాకిలి ఏటవాలు గనుక కారు అడుగు రాచుకొనును. తరువాత దానిని అమర్చుట బహు కష్టము. అది ఉండనిమ్మంటిని. వానికి నడుము నొప్పి గనుక మంచి కుర్చీయు, రాత్రి దారి చక్కగా చూపు దీపములును ఉండనిమ్మంటిని. నేల పరచు చాపలు, చక్రముల నడిమి బిళ్లలు తరువాత ఎప్పుడైనను కొనవచ్చును. వాటిని కొట్టివేసెను.

ఆ సమయమున నేను అక్క ఇంటిలోనే యుంటిని. ఫోను మాట అందరికి వినబడునట్లు పెట్టితిమి. వాడు ఒక్కొక్కటి చదువుచు రంగు వద్దకు వచ్చి, త్వరగా దాటిపోయెను. అక్క వినెను.

“ఆ రంగుకెంత నాయనా?” అని అడిగెను.

వాడు మాటలాడలేదు. అది మామూలు రంగు కాదు. కోరినవారికి ప్రత్యేకముగా కలిపి వేయు రంగు. దాని ఒక్కదాని ధర పది వేల డాలర్లకు పైగా, అనగా మన ఏడు లక్షలకు మించినది. “తర్వాత చెప్తానమ్మా” అనెను.

అక్క కోపపడలేదు. మరల అడుగలేదు. పొద్దువాలినది గనుక లేచి పొయ్యి రాజేసి, బియ్యము కొలిచి, ఎప్పటివలె అందులోనుండి పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసినది. ఈ పిడికెడు బియ్యపు కానుక మన తెలుగు సంఘములలో మన తల్లుల కాలమునుండి ఉన్నది. 1912లో దోర్నకలుకు బిషపైన అజరయ్యగారు కూలినాలి చేయువారికి సహితము ఇచ్చుట నేర్పి, క్రైస్తవుని దానమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసిరి.

మరుసటి దినము అల్లుడు మరల ఫోను చేసెను. “మామయ్యా, రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకి ధర చెప్పలేనిదాన్ని కొట్టేశాను” అనెను. రంగును, బ్రేకులును, దిండుమీది ముద్రయు పోయినవి. కారు కొనెను. మిగిలిన సొమ్ము ఏమి చేసెనో నేనడుగలేదు. అది వానికిని ప్రభువునకును మధ్యనున్న సంగతి.

మేము వేసికొన్న మూడు ప్రశ్నలు డ్రైవరువి. నాలుగవ ప్రశ్న తల్లిది. దీని ధరను నన్ను ప్రేమించువారి యెదుట బిగ్గరగా చెప్పగలనా? జాబితాను ఒంటరిగా రాత్రివేళ చదివినప్పుడు అంతయు అవసరముగానే కనబడును. ఇంటివారి నడుమ చదివినప్పుడు ఏది బరువో తెలియును. సొమ్ము చాలినవాడును ఇందుకే కూర్చుండి లెక్క చూడవలెను. అతని సంచి ఆపదు గనుక, అతనిని ఆపవలసినది అతని మనస్సాక్షియే.

ఆ కర్మాగారపు చరిత్రలోనే ఒక వింత సంగతి గలదు. 1973 సంవత్సరపు కెరెరా ఆర్.ఎస్. అను కారును వారు 1,580 మాత్రమే చేసిరి. దానిని కొనువారు రెండు విధములుగా కోరవచ్చును. 2,500 మార్కులు అదనముగా ఇచ్చినచో సుఖమైన లోపలి అమరిక లభించును. 700 మార్కులు ఇచ్చినచో గడియారమును, వెనుక కుర్చీలను, అరమూతను తీసివేసి, తలుపు లాగుటకు పట్టీ మాత్రము ఉంచి, తేలికచేసి ఇత్తురు. తీసివేయుటకు సొమ్ము! వెయ్యి మూడు వందలకు పైబడినవారు సుఖమునే కోరిరి. తేలికను కోరినవారు 200 మంది. ఆ తేలిక బండి వంద కిలోలకు పైగా బరువు తగ్గి, నిజముగా పరుగెత్తుటకు తగినదాయెను. నేడు వేలములో ఎక్కువ వెల పలుకుచున్నది ఆ తేలిక బండ్లే.

పరుగెత్తువాడు బరువు దింపుకొనవలెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము బోధించుచున్నది. అచ్చట పాపమును, బరువును వేరువేరుగా చెప్పబడినవి. చేర్చుకొన్నదంతయు పాపము కాదు. కాని పాపము కానిది సహితము బరువు కావచ్చును. సొలొమోను ఐగుప్తునుండి రథమొకటికి ఆరువందల తులముల వెండియు, గుఱ్ఱమునకు నూట ఏబది తులములును ఇచ్చి తెప్పించెనని 1 రాజులు 10వ అధ్యాయములో లెక్క వ్రాయబడినది. రాజు గుఱ్ఱములను విస్తరింపజేసికొనరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము ముందే హెచ్చరించియుండెను. సొలొమోనుకు వెండి కొరత లేదు. హెచ్చరిక కొరతను గూర్చినది కాదు, హృదయమును గూర్చినది.

అయితే అదనపు ఖర్చంతయు వ్యర్థమని ఎవరును తలంపకుడి. బేతనియలో మరియ మూడువందల దేనారముల విలువగల అత్తరును పోసినప్పుడు ప్రభువు ఆమెను గద్దింపలేదు. ధర లెక్కించిన యూదానే గద్దించెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకలు కతీడ్రలు పేద ప్రజల నడుమ ఎంతో సొమ్ముతోను శ్రమతోను లేచినది. దాని స్తంభముల నీడలో నిరుపేద కూలియు కూర్చుండును. మరియ అత్తరు వాసనతో ఇల్లంతయు నిండెను. వెలగలది పదిమందికి అందినప్పుడు ఒక విధము. నా చక్రములోనుండి పసుపురంగై కనబడుటకే అయినప్పుడు వేరొక విధము.

మరి మనకు స్టట్‌గార్ట్ కారు లేదు గదా అందురేమో. జాబితా మన యింటికిని వచ్చుచున్నది. ట్రాక్టరు కొనునప్పుడు, పిల్లవానికి మోటారు సైకిలు కొనునప్పుడు, పెండ్లి పందిరి మాటలాడునప్పుడు, చర్చికి మైకు సెట్టు తెచ్చునప్పుడు, ఇంకొంచెము ఇచ్చినచో ఇంకొకటి వచ్చునని ఒకడు చెప్పుచునే యుండును. కొన్నిమార్లు ఆ ఇంకొంచెమే ప్రాణము కాపాడును. మన దేశమందు డ్రైవరు ఎయిర్ బ్యాగు క్రొత్త కార్లలో 2019 జూలై 1 నుండి తప్పనిసరి ఆయెను. 125 సి.సి.కి మించిన మోటారు సైకిళ్లకు ఏ.బి.ఎస్. బ్రేకు అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి ఆయెను. అంతకుముందు అనేక బండ్లలో అవి అదనపు ధరకు దొరకునవి. పాటల పెట్టెకు సొమ్ము పెట్టి వాటిని వ్యర్థమని విడిచినవారు లేకపోలేదు. కాబట్టి చవక యంతయు జ్ఞానము కాదు, ఖరీదంతయు గర్వము కాదు. ఏ పనికొరకని అడుగుటయే జ్ఞానము.

తల్లిదండ్రులారా, రెండవ ప్రశ్నను మీ పిల్లల విషయమై మరువకుడి. కొన్ని కర్మాగారములోనే అమర్చవలసినవి. దైవభక్తి, సత్యము పలుకుట, కష్టపడుట, పిడికెడు తీసి పక్కన పెట్టుట, ఇవి చిన్ననాడే అమర్చవలెను. మంచి బట్టలు, ఫోను, బండి తరువాత ఎప్పుడైనను అమర్చవచ్చును. ముందువాటిని విడిచి వెనుకవాటిని కొనిపెట్టినయెడల, బండి కదలిన పిమ్మట మార్చుట బహు కష్టము.

ఈ నెలలో మీ యింట ఏదైన కొనదలచినయెడల, దాని జాబితాను సాయంకాల ప్రార్థన పిమ్మట అందరి యెదుట చదువుడి. ధరలతో సహా చదువుడి. ముసలి తల్లి యుండినయెడల ఆమె దగ్గర కూర్చుండి చదువుడి. ఎచ్చట మీ గొంతు తగ్గునో అచ్చట కలము నిలుపుడి. మనకు కావలసినదానిని ఇచ్చుటకును, బరువైనదానిని దింపుటకును శక్తిగల ప్రభువు మీ యిండ్లను దీవించును గాక. ఆమేన్.