వాన ఒకచోట, వరద ఇంకోచోట

మన పిల్లోళ్లు కొందరు ఇప్పుడు కెనడాలో ఉండారు. అక్టోబరు వచ్చిందంటే చాలు, ఎర్రటి మేపుల్ చెట్ల కింద నిలబడి ఫోటోలు పంపిస్తారు. అక్కడ పగటిపొద్దు తగ్గి చలి ముదిరేకొద్దీ ఆకులో పచ్చదనం పోయి పసుపూ ఎరుపూ తేలతాదంట. పొద్దున ఎండ, మధ్యాన్నం వాన, రాత్రికి గడ్డకట్టే చలి. అది చూసి మన వీధి ఆడవాళ్లు, "మనకి అట్లాంటి కాలం లేదే" అంటారు. ఎందుకు లేదు? మన ఐప్పసి, కార్తీకం అదే కాలం. మనకి ఆకు రంగు మారదు, ఆకాశం రంగు మారుతాది.

కోయంబత్తూరుకి వానలు రెండు. ఆడి నెలలో పాలక్కాడు కనమలోంచి గాలీ, సన్నతుంపరా వస్తాయి. ఆ వానని చాలామటుకు పడమటి కొండలు కేరళ పక్కనే ఆపేస్తాయి. మన ఊరిమీద గట్టిగా పడేది అక్టోబరు మొదలు డిసెంబరు దాకా వచ్చే ఈశాన్యపు వాన. పొద్దున ఎండ చురుక్కుమంటాది, మూడు గంటలకి ఉరుముతాది, సాయంత్రానికి వీధి ఏరైపోతాది. కొండలు కడిగినట్టు కనబడేదీ, అందరికీ ఊటీ మనసులో పడేదీ ఈ కాలంలోనే.

మేట్టుపాళయం నించి ఊటీకి కొండరైలు 46 కిలోమీటర్లు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసినారు. 208 వంపులు, 16 సొరంగాలు. కల్లారు దాటినాక పట్టాల నడుమ పళ్లకమ్మి ఉంటాది. ఇంజను పళ్లచక్రం దాన్ని పట్టుకొని ఎక్కుతాది. ఇంజను ముందర లాగదు, వెనకనించి నెడతాది. మిల్లులో గేర్లు చూసిన కంటికి అది చూడముచ్చట. కానీ గట్టివాన పడితే మన్ను జారి పట్టాలమీద పడతాది, రైలు ఆపేస్తారు. 2009 నవంబరులో నీలగిరిలో కొండచరియలు విరిగి 40 మందికి పైగా చనిపోయినారు. కాబట్టి ముందురోజే స్టేషన్లో అడిగి బయలుదేరండి.

కోవై ఎత్తు 400 మీటర్ల చిల్లర, ఊటీ 2,200 మీటర్ల పైన. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు 6 డిగ్రీలు తగ్గుతాది. ఇక్కడ 28 డిగ్రీలుంటే అక్కడ 17 అనుకోండి. కార్డింగులో, స్పిన్నింగులో ముప్పై ఏండ్లు దూది దుమ్ము మింగిన రొమ్ములు మనవి. మంచుగాలి తగిలితే పిల్లికూతలు మొదలవుతాయి. మఫ్లరు ముక్కుకి కూడా చుట్టండి. పీల్చే మందు వాడేవాళ్లు దాన్ని జేబులో పెట్టుకోండి, బస్సులో పైన పెట్టిన సంచిలో కాదు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. రెండేండ్ల కిందట దీపావళి అయినాక మా వీధివాళ్లం పద్దెనిమిదిమంది సిరువాణి కొండ అడుగున ఒక వంకకి పోయినాము. చింతపండన్నం, పెరుగన్నం కట్టుకొని పోయినాము. మా నెత్తిన మంచి ఎండ. మోకాటి లోతు నీళ్లలో పిల్లోళ్లు ఆడుకుంటా ఉండారు. మా వదిన గట్టుమీద కూర్చొని ఉన్నట్టుండి లేచింది. "నీళ్లు రంగు తిరిగినాయి, పిల్లోళ్లని ఎక్కించండి!" అని అరిచింది. చూస్తే తేటనీళ్లు టీ రంగుకి తిరిగినాయి. ఎండాకులు, పుల్లలు కొట్టుకొస్తా ఉండాయి. తలా ఒక పిల్లోణ్ణి చంకనేసుకొని గట్టెక్కినాము. ఆకులు పరిచి అన్నం పెట్టిన బండ కాసేపటికే కనబడలేదు. అన్నం గిన్నె, నాలుగు జతల చెప్పులు పోయినాయి. మాకు ఒక్క చినుకు పడలేదు. వాన పడింది పైన కొండలో.

మదురైలో ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వైగై కూడా అంతే. ఊళ్లో ఎండ కాస్తా ఉంటాది, వరుసనాడు కొండల్లో వాన పడతాది. వైగై డ్యాము నిండు మట్టం 71 అడుగులు. నీళ్లు 66 అడుగులకి వస్తేనే ఏటి ఒడ్డు ఊళ్లకి మొదటి హెచ్చరిక చెప్తారు. అది విన్నాక ఏటిలో బట్టలుతకడానికీ, మాడుని కడగడానికీ దిగకూడదు.

ఆ కొండ వానమీద నాకేం కోపం లేదు. 1930ల్లో పైకారా నీళ్లతో కరెంటు తీసినాకే కోవైలో మిల్లులు ఒకటికి పది అయినాయి. మన కదుళ్లని తిప్పింది కొండ వానే. అందుకని పోకుండా ఉండొద్దు. తెలిసి పొండి. ఫారెస్టోళ్లు జలపాతం మూసేస్తే బతిమాలొద్దు, అలగొద్దు. పొద్దున్నే పోయి రెండు గంటలకల్లా వంక విడిచిపెట్టండి. వంక నడుమ బండమీద ఆకు పరచొద్దు. నీళ్లు రంగు మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, పైనించి హోరు వినబడినా గిన్నెలు వదిలేసి పిల్లల్ని ఎత్తుకోండి. పోయిన గిన్నె మళ్లీ కొనుక్కోవచ్చు.