కాలకేయులకు అమ్మలుండరా?

టీవీలో 'బాహుబలి' వచ్చిన ఆదివారం మా ఇంట్లో భోజనాలు ఆలస్యం. 2015లో వచ్చిన సినిమా, ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. పిల్లలు యుద్ధం కోసం చూస్తారు, నేను శివగామి కోసం చూస్తాను. చూడగా చూడగా ఆ యుద్ధంలో ఒక సంగతి నాకు గుచ్చుకోవడం మొదలైంది.

మాహిష్మతి వాళ్లకి పేర్లున్నాయి, నగలున్నాయి, తల్లులున్నారు. కాలకేయుల కోసం మదన్ కార్కీ గారు కిలికి అని ఏకంగా ఒక భాషే తయారుచేశారు. అంత శ్రమపడినా, వాళ్ల నాయకుడు తప్ప ఆ దండులో ఎవరూ మనకి గుర్తుండరు. వాళ్లకీ ఇల్లూ పిల్లలూ ఉంటారన్న ఊహే రాదు. ఒంటికి నల్లరంగు మాత్రం అందరికీ పూశారు.

కాలకేయులన్నది భారతంలోని పేరే. అరణ్యపర్వంలో అర్జునుడు వాళ్లతో యుద్ధం చేస్తాడు. కానీ ఆ అర్జునుడూ నల్లనివాడే. కృష్ణుడి సంగతి చెప్పక్కర్లేదు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చింది ఆ మేనిఛాయ వల్లే. భారతంలో నలుపు మనవైపే నిలబడింది. సినిమాకొచ్చేసరికి శత్రువుకి గుర్తయిపోయింది. మా ఉంగుటూరు చేలల్లో నాట్లు వేసే ఆడవాళ్ల రంగు అదే. నా రంగూ అదే.

సినిమాయే కదా, వదిలేయమంటారా? మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతోంది. స్కూలు వార్షికోత్సవానికి 'బాహుబలి' నాటిక అనుకున్నారు. శివగామి డైలాగులన్నీ దీనికి కంఠతా వచ్చు, ఉత్సాహంగా పేరిచ్చింది. టీచరు దీన్నీ, ఇంకో నలుగురినీ లేపి "మీరు కాలకేయులు" అన్నారట. వెనక నుంచి ఎవరో "మేకప్ ఖర్చు మిగిలింది" అన్నారట. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి వాళ్లమ్మకి చెప్పలేదు. నాకు ఫోన్ చేసి, "అత్తా, శనగపిండిలో ఏం కలిపి రాసుకుంటే తెల్లబడతాను?" అని అడిగింది.

సంగతి తెలిసి మా వదిన స్కూలుకి వెళ్లింది. గొడవేం పడలేదు. "దాని డైలాగు ఒక్కసారి వినండి మేడమ్, తర్వాత మీ ఇష్టం" అంది. విన్నారు, చాలా బాగా చెప్పిందన్నారు. కానీ శివగామి జాకెట్టు అప్పటికే ఇంకో అమ్మాయి కొలతలకి కుట్టించేశారట. మా పిల్ల కాలకేయుల్లో ఉండనని చెప్పి కోలాటంలో చేరింది.

కత్తియుద్ధాల సినిమాలో అవతలివాడిని కూడా మనిషిలా చూపించవచ్చు. 2000లో ఆంగ్ లీ తీసిన చైనా సినిమా 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో ఎడారి బందిపోటు ఒకడుంటాడు, పేరు లో. పెద్దింటి అమ్మాయి దువ్వెన లాక్కుని పారిపోతాడు, ఆ పిల్ల గుర్రం మీద వెంటపడుతుంది. తను అనాథనని, చిన్నప్పుడు రాలిపోయిన చుక్కల్ని వెతుక్కుంటూ తిరిగేవాడినని వాడు ఆ అమ్మాయితో చెబుతాడు. అది విన్నాక వాడిని దొంగగా మాత్రమే చూడలేం. దానివల్ల ఆ సినిమాలో యుద్ధాల పసేమీ తగ్గలేదు.

మన దగ్గరా మార్పు రాలేదని కాదు. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.'లో రాజమౌళి గారే గోండు వీరుడు కొమురం భీంని హీరోని చేశారు. మల్లి అనే గోండు పిల్ల కోసం భీం ఢిల్లీ దాకా వెళతాడు. చూసి సంతోషపడ్డాను. అయితే చివర్లో భీం రామరాజుని చదువు చెప్పమని అడుగుతాడు. అసలు భీం చదవడం, రాయడం నేర్చుకున్నవాడేనని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. అడవి మనిషిని పైకెక్కించినా, ఒక మెట్టు కిందే ఉంచారు.

పెద్ద తెర మీద ఎవరిని ఎక్కడ నిలబెడితే, స్కూలు స్టేజీ మీద మన పిల్లలూ అక్కడే నిలబడాల్సి వస్తోంది. సినిమావాళ్లకి చెప్పడం మన చేతిలో లేదు. స్కూలుకి వెళ్లి అడగడం ఉంది. వేషాలు పంచేటప్పుడు ఒక్క మాట అడగండి, రంగు చూసి ఇస్తున్నారా, డైలాగు విని ఇస్తున్నారా అని.

శనగపిండిలో ఏం కలపాలో నేను చెప్పలేదు. వచ్చే ఏడాది ఏ నాటకం వేసినా మళ్లీ పేరిస్తానంటోంది. ఈసారి జాకెట్టు కుట్టించకముందే వెళతానని మా వదిన అంటోంది.